నేను సంతకం పెట్టని వినతిపత్రం

మా విచారణలో తెలుగువాళ్ళ తరఫున ఒక వినతిపత్రం తిరుగుతోంది. నెలకొకసారి, నాలుగో ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు జరుగుతున్న తెలుగు పూజను ఇక మీదట ప్రతి ఆదివారం జరిపించాలనీ, అదీ పొద్దుటి పూటే కావాలనీ అగ్రపీఠాధిపతుల వారికి మనవి. ఆ కాగితం మూడుసార్లు మా ఇంటికి వచ్చింది. మూడుసార్లూ వచ్చినవాళ్ళకు కాఫీ ఇచ్చి పంపించాను. సంతకం మాత్రం పెట్టలేదు. దాంతో నేను కన్నడం వాళ్ళకు అమ్ముడుపోయానని ఒక పుకారు, కాదు తమిళ ఫాదరుగారి మనిషినని ఇంకో పుకారు పుట్టాయి. రెండూ ఒకేసారి నిజం కావడానికి వీల్లేదు కనక, ఏది నిజమో మనవాళ్ళు తేల్చుకునేలోగా నా కారణం నేనే చెప్పుకుంటాను.

ఈ పత్రిక చదివేవారిలో క్యాథలిక్కులు కానివారే ఎక్కువని తెలుసు. వారికోసం రెండు ముక్కలు. విచారణ అంటే ఒక గుడి కిందికి వచ్చే వీధులూ ఊళ్ళూ, వాటిలోని మా జనమూను. ఇంగ్లీషులో పారిష్ అంటారు. పూజ అంటే పీఠం దగ్గర గురువు జరిపే దివ్యబలిపూజ. గొడవ మా గుడి గోడల మధ్యది. కానీ గుడి అన్నచోటల్లా బడి అనో, మీ ఊరి తెలుగు సంఘం అనో పెట్టుకుని చదివితే, హోసూరులో ఉన్నవారికైనా బరంపురంలో ఉన్నవారికైనా ఇది పరాయి గొడవ కాదు.

మాది బెంగుళూరులో ఒక పెద్ద విచారణ. ఆదివారం పొద్దున ఆరింటికి తమిళ పూజ, ఏడున్నరకు కన్నడ పూజ, తొమ్మిదింటికి ఇంగ్లీషు, సాయంత్రం మళ్ళీ ఇంగ్లీషు. తెలుగువాళ్ళు ఎవరు అంటే, కోలారు బంగారు గనుల నుంచి వచ్చిన మాబోటి పాత కాపులు కొందరు, కడప, కర్నూలు, గుంటూరు జిల్లాల నుంచి ఆసుపత్రుల్లో నర్సులుగా, కంప్యూటర్ కంపెనీల్లో ఉద్యోగులుగా వచ్చినవాళ్ళు కొందరు, గుడి వెనక కట్టే అపార్టుమెంట్లలో ఇటుకలు మోసేవాళ్ళు ఇంకొందరు. ఈ మూడో రకం సంగతి తర్వాత చెబుతాను. వినతిపత్రంలో వాళ్ళు లేరు.

ముందు వినతిపత్రం పక్షాన చెప్పవలసింది చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. తెలుగు పూజ అడిగినప్పుడల్లా ఆఫీసుల్లో కూర్చున్నవారు చెప్పే జవాబులు రెండు. మీరు కొద్దిమందే కదా అన్నది ఒకటి. దేవుడికి అన్ని భాషలూ వచ్చు కదా అన్నది రెండోది. రెండో జవాబు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. దేవుడికి అన్నీ వచ్చు, ఒప్పుకున్నాం. మా అవ్వలకు రావు, అదీ చిక్కు. దేవుడికి వచ్చినంత మాత్రాన సరిపోయేటట్లయితే లాటిన్ పూజను మార్చడమెందుకు? 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ దైవార్చన మీద పత్రం వెలువరించి, ప్రజల భాషలకు తలుపు తెరిచింది దేవుడి సౌకర్యం కోసం కాదు, జనం సౌకర్యం కోసం. ఇక కొద్దిమంది అన్న మాట. 1983లో వచ్చిన శ్రీసభ చట్టం 518వ సూత్రం ప్రకారం విచారణ సాధారణంగా ఒక ప్రాంతాన్ని బట్టి ఏర్పడుతుంది. కానీ అవసరమైన చోట భాషను బట్టి కూడా విచారణను ఏర్పాటు చేయాలని అదే సూత్రం చెబుతోంది. 213వ సూత్రం, విశ్వాసులకు తమ గురువుల నుంచి దేవుని వాక్యమూ సంస్కారాలూ పొందే హక్కు ఉందంటుంది. హక్కు అన్న మాటే వాడింది, దయ అనలేదు. కనక అడగడంలో తప్పు లేదు. చేతులు నలుపుకుంటూ అడగవలసిన పని అంతకన్నా లేదు.

మరి సంతకం ఎందుకు పెట్టలేదు? అడుగుతున్నది తప్పని కాదు. అడగవలసినవాటిలో అది అన్నిటికన్నా చిన్నది. దాన్నే పెద్దది చేసి, అది దొరికితే మన తెలుగు భక్తి నిలబడినట్టే అని మనకు మనం చెప్పుకుంటున్నాం కనక పెట్టలేదు.

కొంచెం వెనక్కి వెళదాం. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి యేసు సభ గురువులు పుంగనూరు వైపు వచ్చారు. కర్ణాటక మిషను అని దానికి పేరు. పేరు కర్ణాటకమే అయినా అందులో వాళ్ళు నేర్చుకున్న భాషల్లో ముఖ్యమైనది తెలుగు. అనంతపురం జిల్లా పల్లెల దాకా, ఇటు చిక్కబళ్ళాపురం దాకా ఆ మిషను పాకింది. ఆ చిక్కబళ్ళాపురం ఇవాళ మా బెంగుళూరు అగ్రపీఠం ఎల్లల్లోనే ఉంది. అంటే ఈ గడ్డ మీద తెలుగు జపం మొన్న వచ్చిన కంపెనీ ఉద్యోగులతో రాలేదు, మూడు వందల ఏళ్ళ నాటిది. ఆ మిషను గురువుల్లో గాస్తోన్ కేర్దూ సంస్కృతానికీ గ్రీకు లాటిన్ భాషలకూ ఉన్న చుట్టరికాన్ని 1767లోనే ప్యారిస్ పండితులకు రాసి పంపినవాడు. తెలుగు నిఘంటువు పనిలోనూ చెయ్యి పెట్టినవాడు. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను వేదాంత రసాయనం అనే పద్యకావ్యంగా రాశాడు. మన సాహిత్య చరిత్రకారులు దాన్ని ఒక వాక్యంలో దాటేస్తారు, అది వేరే ఏడుపు.

నేను చెప్పదలచుకున్నది ఇది. ఆనందకవి కాలంలో తెలుగు పూజ లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. పూజ అంతా లాటినే. 1773లో యేసు సభను రోము రద్దు చేశాక గురువులే కరువయ్యారు. ఏడాదికి ఒకసారి గురువు ముఖం చూడగలిగితే ఆ పల్లెకు అదే పండుగ. అయినా తెలుగు క్యాథలిక్కులు మిగిలారు. ఎలా మిగిలారు? పూజ లాటిన్‌లో ఉన్నా మిగతాదంతా తెలుగులో ఉంది గనక. ఉపదేశి సత్యోపదేశం చెప్పింది తెలుగులో. సాయంత్రం ఇంట్లో జపమాల తెలుగులో. తపస్సుకాలంలో సిలువ మార్గం తెలుగులో. పాపసంకీర్తనం తెలుగులో. మంచం పట్టినవాడి చెవిలో చెప్పే జపం తెలుగులో, శవం దగ్గర రాత్రంతా చెప్పే జపం తెలుగులో. ఇప్పుడు సరిగ్గా తలకిందులైంది. పూజ నెలకొకసారైనా తెలుగులో ఉంది. మిగతాదేదీ తెలుగులో లేదు. వినతిపత్రం ఆ ఒక్కదాన్నే నాలుగింతలు చేయమంటోంది. మిగతావాటి మాట అందులో కామా కూడా లేదు.

మా నాన్న గనిలో పనిచేశారు. బంగారు గనుల్లో గుళ్ళన్నీ తమిళమయం, తప్పేమీ కాదు, జనంలో వాళ్ళే ఎక్కువ. మేమూ తమిళ పూజకే వెళ్ళేవాళ్ళం, తమిళ పాటలే పాడేవాళ్ళం, ఇప్పటికీ నాకు తెలుగు పాటలకన్నా అవే ఎక్కువ వచ్చు. కానీ శనివారం పొద్దుగూకితే మా లైనులో ఉన్న తెలుగు ఇళ్ళు ఏడెనిమిదీ మా పెద్దమ్మ ఇంట్లో చేరేవి. ఒక్క గది ఇల్లు. మగవాళ్ళు గడప బయట, ఆడవాళ్ళూ పిల్లలూ లోపల. పెద్దమ్మకు చదువు రాదు. విశ్వాస సంగ్రహం, మంగళవార్త జపం, దేవమాత ప్రార్థన, పద్నాలుగు స్థలాల సిలువ మార్గం, చనిపోయినవారి జపాలు అన్నీ నోటికి వచ్చు. తప్పు చెబితే జపం ఆపకుండానే మోచేత్తో పొడిచేది. నాకు వచ్చిన తెలుగులో సగం ఆ మోచేతి పుణ్యమే. లైనులో ఎవరి ఇంట్లో చావు జరిగినా, గురువు గారు వచ్చేది సమాధి చేసే వేళకే. రాత్రంతా శవం దగ్గర జపం నడిపించింది పెద్దమ్మ. ఆమెకు ఎవరూ ఏ పదవీ ఇవ్వలేదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూశారు. అందరిలాగే మావాళ్ళూ మారికుప్పం రైలెక్కి బెంగుళూరు దారి పట్టారు. కొందరు రోజూ వచ్చి పోయారు, కొందరు ఇక్కడే ఉండిపోయారు. పెద్దమ్మను నేను తెచ్చుకున్నాను. మూడో అంతస్తు ఇల్లు. శనివారం జపానికి ఎవరూ రాలేదు, మేమూ ఎవరినీ పిలవలేదు. మొదట్లో ఆమె ఒక్కతే చెప్పుకునేది. నేను ఆఫీసు నుంచి వచ్చి టీవీ ముందు కూర్చునేవాణ్ణి.

2014లో ఆమె మంచం పట్టింది. చివరి వారమని డాక్టరు చెప్పాక గురువు గారికి కబురు పంపాను. ఏ గుడి, ఏ గురువు అన్నది ఇక్కడ అనవసరం. ఆయన తప్పూ లేదు, పాపం వానలో రాత్రి తొమ్మిది గంటలకు వచ్చారు. పెద్దవాళ్ళు అవస్థ అభ్యంగనం అని పిలిచే ఆ నూనె పూసే ముందు పాపసంకీర్తనం వినాలి కదా. ఆయనకు కన్నడం, ఇంగ్లీషు వచ్చు. పెద్దమ్మకు తెలుగు కాక గనుల తమిళం వచ్చు, కానీ ఆ దశలో ఆమె నోట తెలుగు తప్ప ఏదీ రావడం లేదు. ఆయన నా వైపు చూసి, నువ్వు దగ్గర కూర్చుని చెప్పు అన్నారు. చట్టంలో దానికి వీలుంది. 990వ సూత్రం ప్రకారం దుబాసీ ద్వారా పాపసంకీర్తనం చేయవచ్చు. గురువుకు ఎంత రహస్యమో ఆ దుబాసీకీ అంతే రహస్యం. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. పెద్దమ్మ నన్ను చూసింది. గోడ వైపు చూసింది. ఏమీ లేవు నాయనా అంది.

ఎనభై రెండేళ్ళ మనిషి. చెప్పుకోవలసినవి ఏవో ఉండే ఉంటాయి, ఎవరికి లేవు? మోచేత్తో పొడిచి జపం నేర్పిన పిల్లవాడి ముందు చెప్పుకోలేకపోయింది. గురువు గారు పాపవిమోచన ఇచ్చారు, నూనె పూశారు. మాట రాని మనిషికి సైగ చాలు, పశ్చాత్తాపం చాలు, శ్రీసభ బోధన ప్రకారం ఏ లోటూ జరగలేదు. అది నాకు తెలుసు. తెలిసినా ఆ గోడ వైపు చూపు నన్ను వదలదు. ఆ రాత్రి ఆమె పక్కన కూర్చుని చనిపోయేవారి జపం చెబుదామనుకున్నాను. సగం దాకా వచ్చి ఆగిపోయింది. పుస్తకం ఎక్కడుందో తెలియలేదు.

ఇప్పుడు చెప్పండి. ఆ రోజుకి మా విచారణలో ప్రతి ఆదివారం తెలుగు పూజ ఉండి ఉంటే ఏం మారేది? పదింటికి పూజ చెప్పి పదకొండింటికి ఆటో ఎక్కే గురువు గారు ఆ గురువారం రాత్రి మా ఇంటికి వచ్చేవారా?

ఆటో మాట ఊరికే అనలేదు. నెలవారీ తెలుగు పూజ ఎలా జరుగుతుందో చూసినవాళ్ళకు తెలుసు. ఆంధ్ర, తెలంగాణ మేత్రాసనాల నుంచి పై చదువులకు బెంగుళూరు వచ్చిన గురువులు ఎందరో ఉన్నారు. వారిలో ఒకరిని మనవాళ్ళు బతిమాలుకుంటారు. ఆయన మూడింటికి ఐదు నిమిషాలుండగా వస్తారు. పాటల వాళ్ళు కీబోర్డు సర్దుకునేసరికి మూడుంపావు. మొన్నటి పూజలో పౌలు లేఖను ఒక అమ్మాయి చదివింది. ఒక్క తప్పు లేదు, ఉచ్చారణ ముచ్చటగా ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే కాగితం నిండా ఇంగ్లీషు అక్షరాలు. వాళ్ళ నాన్న నాతో గర్వంగా చెప్పాడు, మా పాపకు తెలుగు చదవడం రాకపోయినా ఎంత బాగా చదివిందో చూశారా అని. తర్వాత శాలువాలు. ఎవరి శాలువా ఎవరు కప్పాలి అన్నదాని మీద చిన్న తగువు. తర్వాత బిర్యానీ. నాలుగున్నరకు గురువు గారు ఆటో ఎక్కారు.

పూజకు ముందు అరగంట పాపసంకీర్తనానికి కూర్చోమని ఆయన్ని ఎప్పుడైనా అడిగారా అని సంఘం కార్యదర్శిని ఒకసారి అడిగాను. టైము ఎక్కడుందండీ, తర్వాత సన్మానం ఉంది కదా అన్నాడు. ఎవరికి సన్మానమో కూడా అడిగాను గానీ, ఆ జవాబు ఇక్కడ రాయను.

బెంగుళూరులోనే 1967 నుంచి మా జాతీయ బైబిలు, సత్యోపదేశ, ఆరాధన కేంద్రం ఉంది. ఆరాధన భారతీయంగా ఉండాలని అక్కడ పెద్ద పని జరిగింది. 1969లో రోము పన్నెండు అంశాలు ఒప్పుకుంది. మోకాలు వంచడం బదులు చేతులు జోడించడం, కొవ్వొత్తి బదులు నూనె దీపం, హారతి, నేల మీద కూర్చోవడం వగైరా. నాకు వాటి మీద ఏ ఫిర్యాదూ లేదు, హారతి అంటే ఇష్టమే. కాకపోతే చూడండి, కళ్ళకు కనబడే భారతీయత అంతా పీఠం దగ్గరికి వచ్చేసింది. మంచం దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. మనవాళ్ళ తెలుగూ అదే దారిలో నడుస్తోంది. పీఠం మీద కనబడాలి, ఫొటోలో పడాలి.

ఇక ఆ మూడో రకం జనం. ఈ పేరా రాయవద్దని ఇద్దరు స్నేహితులు చెప్పారు. గుడి వెనక రేకుల షెడ్లలో కర్నూలు, అనంతపురం వైపు నుంచి వచ్చిన కూలి కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళలో జ్ఞానస్నానం పొందిన క్యాథలిక్కులు పది పన్నెండు కుటుంబాల దాకా నేనే ఎరుగుదును. మా విచారణ మొత్తంలో తెలుగు తప్ప ఇంకో భాష బొత్తిగా రానివాళ్ళు వాళ్ళే. నర్సమ్మకు ఇంగ్లీషు వచ్చు, కంప్యూటర్ అబ్బాయికి ఇంగ్లీషు తప్ప వేరే ఏదీ పనికిరాదు, నాకు తమిళమూ కన్నడమూ వచ్చు. తెలుగు పూజ నిజంగా ఎవరికి కావాలి? వాళ్ళకి. వినతిపత్రం వాళ్ళ దగ్గరికి వెళ్ళిందా? వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో మన అందరికీ తెలుసు, వాళ్ళది ఏ కులమో కూడా తెలుసు. మొదటి పేజీ సంతకాలు చూడండి. పేర్ల చివర తోకలు చదివితే రెండు కులాలకు మించి కనబడవు. నెలవారీ పూజలో ముందు వరుసలు ఎవరివో, బిర్యానీ వేళ ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారో కూడా చూడండి.

2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినల్. దళితుల్లో మొదటి కార్డినల్. మా సంఘం బ్యానరు కట్టింది. మొదటి తెలుగు కార్డినల్ అని రెండడుగుల అక్షరాలు. రెండో మాట వేయలేదేం అంటే, గుడిలో కులం మాట ఎందుకండీ అన్నారు. కులం ముందు వరుసలో కూర్చున్నప్పుడు రాని అభ్యంతరం బ్యానరు మీద కూర్చునేసరికి వచ్చింది.

ఆ షెడ్లవాళ్ళు ఇప్పుడు ఎక్కడికి వెళుతున్నారో తెలుసా? రెండు వీధుల అవతల రేకుల కింద ఒక ప్రార్థన మందిరం ఉంది, మాది కాదు. అక్కడి పాస్టరుది చిత్తూరు జిల్లా. రోజూ రాత్రి ఎనిమిదింటికి, కూలి పని అయ్యాక, తెలుగులో కూటం. ఎవరికైనా జ్వరమంటే షెడ్డుకే వెళ్ళి మంచం పక్కన కూర్చుని ప్రార్థిస్తాడు. ఆయన బోధలో సగం నాకు నచ్చదు, మా మరియమ్మను ఆయన అనే మాటలు అసలే నచ్చవు. కానీ ఆయన ఏ వినతిపత్రమూ పెట్టలేదు. మనం మాత్రం ఆ కుటుంబాలను గురించి, డబ్బుకు ఆశపడి మతం మార్చుకున్నారని మాట్లాడుకుంటాం. సరిగ్గా మనల్ని ఇంకొకరు అనే మాటే అది. ఎంత తేలిగ్గా నోట పలుకుతుందో!

ఇంకో సంగతి. వినతిపత్రంలో ఒక వాక్యం ఉంది, కన్నడ పూజకు ఉన్న వేళలు ఎక్కువనీ, అందులోంచి ఒకటి మనకు ఇవ్వవచ్చనీ. ఎవరు రాశారో గానీ చాలా తెలివితక్కువ వాక్యం. ఈ అగ్రపీఠంలో కన్నడ, తమిళ వివాదం దశాబ్దాల నాటిది. దానివల్ల ఎన్ని గుళ్ళలో ఎన్ని పండుగలు పాడయ్యాయో పాతవాళ్ళకు తెలుసు. అందులో మూడో పక్షంగా దూరి మనం బావుకునేది ఏమీ లేదు. ఉన్నది కర్ణాటకలో. పిల్లలు బడిలో కన్నడం చదువుతున్నారు, చదవాలి. పైగా అది మనకు వరం. కన్నడ అక్షరం వచ్చిన పిల్లకు తెలుగు అక్షరం నేర్పడానికి ఏళ్ళు పట్టదు, రెండూ ఒకే లిపి నుంచి విడిపోయిన అక్కచెల్లెళ్ళు. తలకట్టు దగ్గర కాస్త తేడా, కొన్ని అక్షరాల దగ్గర ఇంకాస్త తేడా. నేను మా అన్న మనవరాలికి వేసవి సెలవుల్లో నేర్పి చూశాను. పదిహేను రోజుల్లో మత్తయి సువార్త తడుముకుంటూ చదివింది. ఇంగ్లీషు అక్షరాల్లో పౌలును చదవవలసిన ఖర్మ మన పిల్లలకు పట్టించింది కన్నడం వాళ్ళు కాదు.

వారం వారం పూజ వస్తే మిగతావన్నీ దాని వెంట అవే వస్తాయని సంఘం పెద్దల వాదన. నెలవారీ పూజ మొదలై పదకొండేళ్ళు. దాని వెంట ఏం వచ్చింది? ఒక్క ఇంట్లో జపమాల మొదలైందా? ఒక్క పిల్లకు తెలుగులో సత్యోపదేశం చెప్పారా? నవంబరు 2న సమాధుల పండుగ నాడు మన సమాధుల దగ్గర తెలుగులో ఒక జపం వినబడిందా? పదకొండేళ్ళలో నూట ముప్పై పూజలు అనుకోండి. నూట ముప్పై బిర్యానీలు కూడా అనుకోండి. యానాం మిత్రులు ఒకసారి నాతో అన్నారు, మా సెయింట్ ఆన్ గుడి ఫ్రెంచివాళ్ళు కట్టినదే గానీ పూజ తెలుగులోనే కాబట్టి మాకు మీ బాధ లేదు అని. ఊరంతా తెలుగు కనక వాళ్ళకు లేదు. మనకు ఊరు తెలుగు కాదు. అందుకే మన తెలుగు ఇంట్లో లేకపోతే గుడిలో ఎన్ని గంటలు వాయించినా నిలవదు.

మూడోసారి వచ్చినప్పుడు కాగితం నా దగ్గర వదిలి వెళ్ళారు. దాని వెనక వైపు నేను నా మనవి రాశాను. తెలుగు వచ్చిన గురువు ఒకరి ఫోను నంబరు గుడి నోటీసు బోర్డు మీద ఉండాలి, రోగి ఇంటికి ఏ రాత్రయినా ఆయన్ని పిలిచే వీలుండాలి, ఆటో ఖర్చు సంఘానిది. నాలుగో ఆదివారం రెండున్నర నుంచి మూడింటి దాకా తెలుగులో పాపసంకీర్తనం. చనిపోయినవారి ఇంట్లో రాత్రి జపం నడిపించడానికి నలుగురు గృహస్థులు, ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా, తయారు కావాలి. దానికి గురువే ఉండనక్కర్లేదని పెద్దమ్మకు తెలుసు, శ్రీసభ నియమాలూ అడ్డు చెప్పవు. పిల్లలకు శనివారం గంటసేపు తెలుగు అక్షరాలు, సత్యోపదేశం. సంతకాలు షెడ్ల దగ్గర మొదలుపెట్టాలి. ఇవన్నీ రాసి కింద సంతకం చేసి కార్యదర్శికి ఇచ్చాను.

ఆయన నిలబడే చదివాడు. చదివి, ఇందులో బిషప్పు గారిని అడగవలసింది ఒక్కటి తప్ప ఏముందండీ, మిగతావన్నీ మనమే చేసుకునేవి కదా అన్నాడు, కొంచెం విసుగ్గానే. అవునన్నాను. ఆయన కాఫీ పూర్తి చేసి కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. అది ఎక్కడిదాకా వెళ్ళిందో తెలియదు. రెండో ప్రతి మీద సంతకాలు ఇంకా సాగుతున్నాయని విన్నాను.

మా ఇంట్లో శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు జపమాల మొదలుపెట్టాం, షెడ్లవాళ్ళ పని వేళను బట్టి. పోయిన వారం ఆరుగురం. పెద్దమ్మ పుస్తకం అటక మీద ఇనప పెట్టెలో దొరికింది. దేవమాత ప్రార్థన ఉన్న రెండు పేజీలు చెదలు తినేశాయి. షెడ్ల నుంచి వచ్చిన ఒక ముసలావిడకు అవి నోటికి వచ్చు. ఆమె మెల్లగా చెబుతూంటే మనవరాలు నోటు పుస్తకంలో రాసుకుంటోంది, తెలుగు అక్షరాల్లోనే. ఈ శనివారానికి సగం అయింది.